రెండేళ్ళ ముందే వచ్చే కబురు

మనామాలోనో, రిఫాలోనో ఒక ఇంట్లో పనికి కుదిరిన గోదావరి జిల్లా తల్లికి, కూతురు పెద్దమనిషి అయిందన్న సంగతి ఫోన్లో తెలుస్తుంది. వీడియో కాల్ కలిసేసరికి పిల్ల చాప మీద కూర్చుని ఉంటుంది. చుట్టూ అమ్మమ్మ, మేనత్త, వీధిలోని ఆడవాళ్ళు. ఎన్నింటికి అయింది, ఆ వేళ ఏ నక్షత్రం, ఒంటి మీద ఏ రంగు బట్టలున్నాయి, ముందుగా ఎవరు చూశారు అన్నవే మాటలన్నీ. పంచాంగం చూడాలి కదా. పిల్ల బెదిరిపోయిందా, కడుపులో నొప్పిగా ఉందా, ఇలా జరుగుతుందని దానికి అంతకుముందు ఎవరైనా చెప్పారా అని అడగాలని తల్లికి ఉంటుంది. అంతమంది వింటుండగా అడగలేదు. కాంట్రాక్టు ముగిసి ఆమె ఊరు చేరేనాటికి ఆ ప్రశ్నలకు వేళ మించిపోతుంది.

బహ్రెయిన్‌లోనే కాపురం ఉంటున్న తెలుగు కుటుంబాల్లో తల్లి పక్కగదిలోనే ఉంటుంది. అయినా అక్కడ కూడా చెప్పాల్సిన వేళకి చెప్పేవాళ్ళు తక్కువే. "ఇంకా చిన్నపిల్ల, అప్పుడే ఎందుకులే" అనుకుంటూ ఉండగానే ఒకరోజు బడి నుంచి ఫోన్ వస్తుంది. ఆ తర్వాత వేసవి సెలవుల్లో ఊరికి తీసుకెళ్ళి ఓణీల ఫంక్షన్ ఘనంగా చేస్తారు. హాలు, ఫోటోలు, మేనమామ పెట్టే పట్టుబట్టలు, భోజనాలు అన్నిటికీ ముందే ఏర్పాట్లు ఉంటాయి. ఒంట్లో ఏం జరిగిందో పిల్లకు విడమరిచి చెప్పే ఏర్పాటు మాత్రం ఉండదు.

భారతదేశంలో జరిగిన 138 అధ్యయనాలను, వాటిలో పాల్గొన్న 97,070 మంది బాలికల సమాధానాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2016లో బీఎంజే ఓపెన్ పత్రికలో వచ్చింది. మొదటి ముట్టుకు ముందే దాని గురించి తెలిసినవాళ్ళు సుమారు సగం మందేనని అందులో తేలింది. మిగతా సగానికి రక్తం చూశాకే తెలిసింది. లోపల ఏదో తెగిందనో, పెద్ద రోగం వచ్చిందనో, తానేదో తప్పు చేశాననో పన్నెండేళ్ళ పిల్ల హడలిపోవడంలో వింతేముంది? ఇది వైద్యానికన్నా ముందు న్యాయానికి సంబంధించిన విషయమని నా నమ్మకం. ఎందుకంటే ముట్టు చెప్పాపెట్టకుండా వచ్చేది కాదు. శరీరం రెండేళ్ళ ముందే కబురు పెడుతుంది. ఆ కబురు అందుకోవడం పెద్దవాళ్ళకు తెలియాలి, అంతే.

కబురు బయలుదేరేది మెదడు అడుగుభాగంలోని హైపోథాలమస్ నుంచి. అక్కడి కొన్ని నాడీకణాలు జీఎన్ఆర్‌హెచ్ అనే హార్మోనును విడతలు విడతలుగా వదులుతాయి. పుట్టిన తొలి నెలల్లో ఈ ఏర్పాటు ఒకసారి పనిచేసి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి అణిగి ఉంటుంది. మళ్ళీ దాన్ని లేపేదేమిటో శాస్త్రవేత్తలకు చాలాకాలం అంతుపట్టలేదు. 2003లో పారిస్‌లో ఒక బృందం, బోస్టన్‌లో మరో బృందం విడివిడిగా వెతుకుతూ ఒకే జన్యువు దగ్గరికి చేరాయి. బోస్టన్ బృందానికి దారి చూపింది ఒక సౌదీ కుటుంబం. దగ్గరి చుట్టాల మధ్య పెళ్ళిళ్ళు జరిగిన ఆ పెద్ద కుటుంబంలో కొందరికి వయసు వచ్చినా యౌవనం రాలేదు. కిస్‌పెప్టిన్ అనే చిన్న ప్రొటీను సంకేతాన్ని అందుకునే గ్రాహకం వాళ్ళలో దెబ్బతిని ఉంది. అంటే ఈడు రావాలంటే ముందు కిస్‌పెప్టిన్ కదలాలి. ఈ పేరు అమెరికాలోని హెర్షీ పట్నంలో తయారయ్యే కిసెస్ చాక్లెట్ల మీదుగా వచ్చింది. కిస్‌పెప్టిన్ జన్యువును 1996లో కనుగొన్నది ఆ ఊళ్ళోనే. యౌవనానికి తలుపు తెరిచేది అదేనని తెలియడానికి ఇంకో ఏడేళ్ళు పట్టింది. బహ్రెయిన్ నుంచి 25 కిలోమీటర్ల వంతెన దాటితే వచ్చే దేశంలోని ఒక ఇంటి బాధ, ప్రపంచంలోని ఆడపిల్లలందరి ఎదుగుదలను అర్థం చేయించింది.

మొదట్లో ఈ హార్మోను విడతలు రాత్రి నిద్రలోనే ఎక్కువ. తల్లిదండ్రుల కళ్ళ ముందు ఇంకా చిన్నపిల్లే. నిద్రలో మాత్రం పని మొదలైపోయింది. జీఎన్ఆర్‌హెచ్ అందగానే పిట్యూటరీ గ్రంథి రెండు హార్మోనులను రక్తంలోకి పంపుతుంది. వాటి ప్రేరణతో అండాశయాలు ఈస్ట్రోజెన్ తయారుచేస్తాయి. దాని తొలి గుర్తు పైకి కనిపిస్తుంది: రొమ్ము మొగ్గ. 8 నుంచి 13 ఏళ్ళ మధ్య ఎప్పుడైనా రావచ్చు. చాలాసార్లు ఒకవైపే ముందు వస్తుంది, తగిలితే నొప్పిగా ఉంటుంది. గడ్డ అనుకుని పిల్ల ఎవరికీ చెప్పకుండా భయపడుతూ తిరిగే రోజులివి. తల్లికి చూపిస్తే ఆమె కూడా కంగారుపడి స్కానింగ్‌కు పరుగెత్తడం ఉంది. ఆ వయసులో అది దాదాపు ఎప్పుడూ ఎదుగుదలే.

ఇంగ్లండులో జేమ్స్ టానర్, విలియం మార్షల్ అనే వైద్యులు ఒక పిల్లల సదనంలోని బాలికల ఎదుగుదలను ఏళ్ళ తరబడి గమనించి 1969లో దశలుగా వర్గీకరించారు. ఇప్పటికీ పిల్లల డాక్టర్లు వాడేది ఆ దశలనే. మొగ్గ కనిపించిన సుమారు రెండు, రెండున్నర ఏళ్ళకు మొదటి ముట్టు వస్తుంది. ఈ వ్యవధిలోనే పిల్ల గబగబా పొడుగు పెరుగుతుంది. ముట్టుకు ఆరు నెలల నుంచి ఏడాది ముందు పలచని తెల్లని స్రావం మొదలవుతుంది. దాన్ని మన ఇళ్ళలో తెల్లబట్ట అని పేరు పెట్టి జబ్బుల్లో కలిపేస్తారు. దురద, దుర్వాసన, మంట లేకపోతే అది జబ్బు కాదు, ఈస్ట్రోజెన్ తన పని తాను చేస్తోందని గుర్తు. ముట్టు వచ్చాక పొడుగు ఆగిపోతుందన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. వేగం తగ్గుతుంది, ఇంకో 5 నుంచి 7 సెంటీమీటర్లు పెరగడం మామూలే.

కాబట్టి ఏ వయసులో చెప్పాలన్న ప్రశ్నకు క్యాలెండర్‌లో జవాబు లేదు, పిల్ల ఒంట్లో ఉంది. మొగ్గ కనిపించిన వారంలోనే చెప్పాలి. అప్పటి నుంచి రెండేళ్ళ వ్యవధి ఉంది; ఒక్క రోజు కూర్చోబెట్టి అంతా చెప్పేయనక్కరలేదు, కొంచెం కొంచెంగా చెప్పుకోవచ్చు.

బడి సంగతి చూద్దాం. బహ్రెయిన్‌లో తెలుగు పిల్లలు ఎక్కువగా చదివేది సీబీఎస్‌ఈ బడుల్లో. 1950లో మొదలైన ఇండియన్ స్కూల్ వాటిలో పెద్దది. ఎన్‌సీఈఆర్‌టీ సైన్సు పుస్తకాల్లో కౌమారదశ గురించిన పాఠం చాలా ఏళ్ళపాటు 8వ తరగతిలో ఉండేది. 8వ తరగతి పిల్లకు 13 ఏళ్ళు. మన ఆడపిల్లలకు ముట్టు మొదలయ్యే సగటు వయసు 12, 13 ఏళ్ళ మధ్య. అంటే టీచరు ఆ పాఠం తెరిచేనాటికి తరగతిలో చాలామందికి అది అనుభవం. 2025లో వచ్చిన కొత్త 7వ తరగతి పుస్తకంలోకి ఈ పాఠం ఒక ఏడాది ముందుకు జరిగింది. మంచి మార్పే, కానీ చాలదు. పదేళ్ళకే ముట్టు వచ్చే పిల్లలు ఉంటారు. వాళ్ళు 5వ తరగతిలో ఉంటారు.

ఈ వయసు స్థిరంగా ఉండేది కాదు. ఉత్తర ఐరోపాలో 19వ శతాబ్దం మధ్యలో ఆడపిల్లలు 16, 17 ఏళ్ళకు గానీ పెద్దమనిషి అయ్యేవారు కాదు. తిండి, ఆరోగ్యం మెరుగుపడి 20వ శతాబ్దం మధ్యకల్లా అది 13కు దిగింది. శరీరం తన దగ్గరున్న కొవ్వు నిల్వలను చూసుకుని గానీ ఈ పని మొదలుపెట్టదు. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోను ఆ నిల్వల సమాచారం మెదడుకు చేరవేస్తుంది. బహ్రెయిన్‌లో తిండి మారడం మరీ వేగంగా జరిగింది. 1932లో చమురు పడేదాకా ముత్యాల వేట మీద, చేపలు ఖర్జూరాల మీద బతికిన దీవి అది. రెండు మూడు తరాల్లోనే ఊబకాయం ప్రజారోగ్య సమస్యగా మారింది. 2017 చివర్లో కూల్‌డ్రింకుల మీద 50 శాతం, ఎనర్జీ డ్రింకుల మీద 100 శాతం సుంకం వేశారు. ఏసీ గదుల్లో, కారుల్లో గడిచే బాల్యం మన పిల్లలదీ. చిన్నప్పుడే బరువు పెరిగిన ఆడపిల్లలకు ఈడు ముందుగా రావడం అనేక దేశాల్లో గమనించిన విషయం. గల్ఫ్‌లో పెరిగే పిల్లకు తల్లి తన వయసు గుర్తు పెట్టుకుని "నాకు పదమూడో ఏట కదా" అని లెక్కవేస్తే ఆ లెక్క తప్పవచ్చు.

బహ్రెయిన్ గురించి మన వాళ్ళలో ఒక అపోహ ఉంది, అరబ్బు దేశం కాబట్టి ఇలాంటి మాటలే ఉండవని. గల్ఫ్ ప్రాంతంలో ఆడపిల్లలకు తొలి ప్రభుత్వ బడి తెరిచింది బహ్రెయినే, 1928లో, ముహర్రఖ్‌లో. అక్కడి ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు ఆడ టీచర్లే. ఇంకో సంగతి: చాలా ముస్లిం సంప్రదాయాల్లో ఆడపిల్లకు మొదటి ముట్టుతో మతపరమైన బాధ్యతలు మొదలవుతాయి. ముట్టు రోజుల్లో నమాజు, ఉపవాసం రెండిటి నుంచీ మినహాయింపు. వదిలిన ఉపవాసాలను మాత్రం తర్వాత తీర్చాలి. అందుకని ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, ఎన్ని రోజులు అని లెక్క పెట్టుకోవడం ఆమె చిన్ననాటే నేర్చుకోవాలి. ముట్టు రక్తం వేరు, అది కాని స్రావం వేరు అని మతశాస్త్రంలోనే విభజన ఉంది. కొన్ని సంప్రదాయాల్లో పది రోజులు, మరికొన్నింటిలో పదిహేను రోజులు మించినది ముట్టు కింద లెక్కకు రాదు. వైద్యులు గీసే గీత ఇంకా దగ్గర: ఏడు రోజులు మించితే చూపించుకోమంటారు. ఆచారపు లెక్క శుచి కోసం, వైద్యపు లెక్క ఆరోగ్యం కోసం. అయినా రోజులు రాసుకునే అలవాటు ఎలా వచ్చినా మేలే.

మన ఇళ్ళలో అలవాటు వేరు. లెక్క కన్నా దూరం ముఖ్యం. వేరే కంచం, వేరే చాప, మూడు రోజులు మూల. గుదైబియాలోనో సల్మాబాద్‌లోనో రెండు గదుల ఫ్లాటులో ఆ మూల దొరకదు. అందువల్ల దూరం చాలా ఇళ్ళలో కుదించుకుపోయి దేవుడి గూటికి, మనామా బజారులో 1817 నాటి శ్రీనాథ్‌జీ గుడికి, పచ్చడి జాడీకి పరిమితమైంది. గుడికి వెళ్ళడం మానడం ఎవరి విశ్వాసం వారిది. దాని మీద నేను తీర్పు చెప్పను. ముట్టయినవాళ్ళు తాకితే పచ్చడి పాడవుతుందన్న మాట మాత్రం శాస్త్రం చూసుకోవాల్సిందే, ఎందుకంటే ఆ నమ్మకాన్ని ఒకప్పుడు శాస్త్రమే మోసింది. డిఫ్తీరియా పరీక్ష కనిపెట్టిన పేరున్న వైద్యుడు బేలా షిక్, ముట్టయిన పనిమనిషి చేతిలో పూలు త్వరగా వాడిపోయాయని గమనించి, ఆ రోజుల్లో ఆడవాళ్ళ ఒంట్లోంచి ఒక విషం వెలువడుతుందని 1920లో వియన్నాలో ప్రకటించాడు. దానికి మెనోటాక్సిన్ అని పేరు కూడా పెట్టాడు. కొన్ని దశాబ్దాలపాటు దాని కోసం వెతుకులాట జరిగింది. అలాంటి విషమేదీ లేదు. ఊరగాయ బూజు పట్టేది తడి చెంచా వల్ల, ఉప్పు తగ్గడం వల్ల, నూనె పైకి తేలకపోవడం వల్ల. పన్నెండేళ్ళ పిల్లకు ఈ ఒక్క ముక్క చెబితే, తన ఒంట్లో పాడుచేసేదేదో ఉందన్న భావన తొలగిపోతుంది.

అసలు ఆ రక్తం ఏమిటి? ప్రతి నెలా గర్భాశయం లోపలి పొర మందంగా తయారవుతుంది. గర్భం రాకపోతే ప్రొజెస్టెరాన్ అనే హార్మోను తగ్గి, ఆ పొర రాలిపోతుంది. చెడు రక్తం అనేదేమీ లేదు. ఒక నెలలో పోయేది సగటున 30, 40 మిల్లీలీటర్లు. చూడ్డానికి ఎంతో అనిపిస్తుంది కానీ అది రెండు, మూడు పెద్ద చెంచాల రక్తం. ఒక మిల్లీలీటరు రక్తంలో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది కాబట్టి నెలకు 15 నుంచి 20 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. 80 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ అంటారు; అప్పుడు 40 మిల్లీగ్రాములు. తిండిలోంచి ఒంటికి పట్టే ఇనుము రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే. ఎదిగే వయసులో కండకు, కొత్త రక్తానికి కూడా అదే ఇనుము కావాలి. ఈ లెక్క పొసగదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పరిస్థితి అంతకన్నా మెరుగ్గా లేదు.

చాప మీద కూర్చోబెట్టి పెట్టే నువ్వుల చిమ్మిలికి ఈ లెక్కలో చోటుంది. నువ్వుల్లో ఇనుము నిజంగానే ఎక్కువ. అయితే వాటిలోని ఫైటేట్లు అనే పదార్థాల వల్ల ఒంటికి పట్టేది తక్కువ. వెంట ఒక జామకాయో, కమలాపండో తింటే పట్టడం పెరుగుతుంది. బహ్రెయిన్‌లో అందరూ సిఫార్సు చేసే ఖర్జూరంలో ఇనుము జనం అనుకునేంత లేదు, 100 గ్రాములకు ఒక మిల్లీగ్రాము. అన్నం తిన్న వెంటనే టీ తాగితే అందులోని పదార్థాలు ఇనుమును పట్టేసుకుంటాయి. చిక్కటి కరక్ చాయ్‌కైనా, మన ఇంటి టీకైనా గంట ఆగాలి. బహ్రెయిన్ ప్రభుత్వం 2001 నవంబరు నుంచి గోధుమపిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలపడం మొదలుపెట్టింది. మూడు పూటలా అన్నమే తినే ఇంటికి దానివల్ల లాభం తక్కువ.

రక్తం విషయంలో బహ్రెయిన్ చేసి చూపిన పని ఒకటుంది. మన వాళ్ళకు అంతగా తెలియదు. ఆ దీవిలో సికిల్‌సెల్ అనే వారసత్వ రక్తవ్యాధి ఎక్కువ. ఒకప్పుడు పుట్టే పిల్లల్లో నూటికి ఇద్దరి దాకా ఆ వ్యాధితో పుట్టేవారు. 1990ల చివర్లో వైద్యులు బడులకు వెళ్ళారు. 11వ తరగతి పిల్లల్లో 5,685 మందికి రక్తపరీక్ష చేశారు. 1.2 శాతం మందికి వ్యాధి ఉంది, 13.8 శాతం మంది దాన్ని పిల్లలకు అందించగల వాహకులని తేలింది. పిల్లలకు పాఠం చెప్పారు, పరీక్ష ఫలితం రాసిన కార్డు ఇచ్చారు. 2004లో పెళ్ళికి ముందు రక్తపరీక్ష తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. తర్వాతి ఏళ్ళలో వ్యాధితో పుట్టే పిల్లల శాతం బాగా తగ్గింది. పెళ్ళి, సంతానం, దగ్గరి సంబంధాలు, ఏ సమాజంలోనూ తేలిగ్గా నోరు విప్పే విషయాలు కావివి. 16 ఏళ్ళ పిల్లలతో తరగతి గదిలో వాటి గురించి మాట్లాడారు, ఏ ఆకాశమూ విరిగిపడలేదు.

సికిల్‌సెల్ ఉన్న ఆడపిల్లకు ఈడు సగటున ఏడాది, రెండేళ్ళు ఆలస్యంగా వస్తుంది. తోటివాళ్ళందరికీ వచ్చి తనకు రాకపోతే ఆమె పడే బాధ వేరు. కొందరికి ముట్టు రోజుల్లోనే సికిల్‌సెల్ నొప్పులు తిరగబెడతాయి. ఇదేదో అరబ్బుల జబ్బు అనుకోకండి. పాడేరు, అరకు, ఆదిలాబాద్ ఆదివాసీ గూడేల్లో ఇదే వ్యాధి ఉంది. 2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం దీని నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. బహ్రెయిన్ బడుల అనుభవం మన ఏజెన్సీ బడులకు పనికొస్తుంది.

రక్తస్రావం ఎక్కువ అవుతుంటే "మొదట్లో అంతే, సర్దుకుంటుంది" అనే మాట ప్రమాదకరం. 1924లో ఫిన్లండ్‌కు చెందిన ఓలండ్ దీవుల నుంచి ఐదేళ్ళ పాపను హెల్సింకీకి తీసుకొచ్చారు. దెబ్బ తగిలితే రక్తం ఆగదు. వైద్యుడు ఎరిక్ వాన్ విలెబ్రాండ్ ఆ కుటుంబాన్ని పరిశీలించి 1926లో కొత్త వ్యాధిని వర్ణించాడు; అది ఇప్పుడు ఆయన పేరుతోనే ఉంది. ఆ పాప 13వ ఏట, నాలుగో ముట్టులో రక్తం ఆగక చనిపోయింది. వాన్ విలెబ్రాండ్ వ్యాధి అరుదేమీ కాదు, వారసత్వంగా వచ్చే రక్తస్రావ వ్యాధుల్లో ఎక్కువగా కనిపించేది అదే. చాలామంది ఆడపిల్లల్లో అది మొట్టమొదట బయటపడేది ముట్టులోనే. గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోతున్నా, పది రూపాయల నాణెం కన్నా పెద్ద గడ్డలు పడుతున్నా, వారం దాటినా ఆగకపోయినా డాక్టరుకు చూపించాలి. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం, స్త్రీవైద్యుల సంఘం కలిసి 2006లోనే చెప్పాయి: నాడి, రక్తపోటు, జ్వరం చూసినట్టే కౌమార బాలిక ముట్టు వివరాలు కూడా ప్రతిసారీ అడిగి రాసుకోవాలని.

నొప్పి గురించి మన ఆడవాళ్ళ మాట ఒకటే: ఓర్చుకోవాలి. ఎందుకు ఓర్చుకోవాలి? షెఫీల్డ్‌లో వెర్నన్ పికిల్స్ అనే శాస్త్రవేత్త 1957లో ముట్టు స్రావంలో కండరాన్ని ముడుచుకునేలా చేసే పదార్థం ఉందని చూపించాడు. అవి ప్రోస్టాగ్లాండిన్లు. పొర రాలేటప్పుడు అవి విడుదలై గర్భాశయ కండరాన్ని బిగిస్తాయి, అక్కడ రక్తప్రసారం తగ్గి నొప్పి పుడుతుంది. వాంతి, విరేచనాలు కూడా వాటి పనే. ఐబుప్రోఫెన్, మెఫెనమిక్ ఆమ్లం లాంటి మాత్రలు వాటి తయారీనే ఆపుతాయి. నొప్పి ముదిరాక కాదు, మొదలవుతుండగానే, ఏదైనా తిన్నాక వేసుకోవాలి. ఉబ్బసం, కడుపులో పుండు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. మెఫెనమిక్ ఆమ్లం వేసుకున్నాక ఒంటి మీద దద్దుర్లు, జ్వరం వస్తే వెంటనే మానాలని 2023 నవంబరులో భారత ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. పొత్తికడుపు మీద 39 డిగ్రీల వేడిని నిలకడగా ఉంచితే ఐబుప్రోఫెన్‌తో సమానంగా నొప్పి తగ్గిందని 2001లో ఒక పరిశోధనలో తేలింది. అమ్మమ్మల కాపడం సరైనదే. అల్లం కషాయానికి కూడా కొంత ఆధారం ఉంది. ఇవేవీ పనిచేయకుండా నెలనెలా పిల్ల మంచం పడుతుంటే, అది ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు కావచ్చు. బడి మానిపించి పడుకోబెట్టడం దానికి వైద్యం కాదు. ఇంకొకటి, నెలనెలా కడుపునొప్పి వస్తున్నా 14, 15 ఏళ్ళకు కూడా రక్తం కనిపించకపోతే, కన్నెపొర పూర్తిగా మూసుకుని రక్తం లోపలే నిలుస్తూ ఉండవచ్చు. చిన్న ఆపరేషన్‌తో పోయేదాన్ని గ్రహచారం కింద జమకట్టకూడదు.

తేదీలు తప్పడం మరో కంగారు. తొలి రెండు మూడేళ్ళు అండం ప్రతి నెలా విడుదల కాదు. 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా ఆ వయసుకు మామూలే. 90 రోజులు దాటితే అడగాలి. గల్ఫ్‌లోను, హైదరాబాదులోను 14 ఏళ్ళ పిల్లకు స్కాన్ చేయించి పీసీఓఎస్ (అండాశయాల్లో నీటిబుడగల సమస్య) అన్న ముద్రతో ఇంటికి తెచ్చుకునే తల్లిదండ్రులు పెరుగుతున్నారు. ముట్టు మొదలైన ఎనిమిదేళ్ళ లోపు స్కాన్ చూసి ఆ నిర్ధారణ చేయవద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు 2018 నుంచి చెబుతున్నాయి. ఆ వయసు అండాశయం సహజంగానే అలా కనిపిస్తుంది. పండక్కి, పూజకు అడ్డొస్తుందని నెలసరిని వెనక్కి నెట్టే నోరెథిస్టెరాన్ మాత్రలు ఇంట్లోవాళ్ళే తెచ్చి పిల్లకు మింగించడం కూడా మానాలి. అవి హార్మోను మాత్రలు, డాక్టరు చూసి ఇవ్వాల్సినవి.

పెద్దమనిషి అయింది కాబట్టి పెళ్ళికి ఎదిగిందన్న భావన ఇంకా పోలేదు. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం మంది 18 నిండకుండానే పెళ్ళయినవాళ్ళు. ముట్టు మొదలైనా కటి ఎముకలు ఇంకా ఎదుగుతూనే ఉంటాయి. నిర్ణయాలు తీసుకునే మెదడు భాగం ఇరవైల మధ్యకు గానీ పక్వానికి రాదు. మొదటి ముట్టు ఎదుగుదల మధ్యలో వచ్చే ఘట్టం, చివర కాదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 అక్టోబరులో స్వేచ్ఛ పేరిట 7 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకు నెలకు 10 ప్యాడ్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. కేంద్రం 2018లో ప్యాడ్ల మీద జీఎస్‌టీ తీసేసింది. ఇవి అవసరమైన పనులు. ప్యాడ్‌తో పాటు దాన్ని నాలుగు నుంచి ఆరు గంటలకు ఒకసారి మార్చాలన్న మాట, మార్చుకోవడానికి నీళ్ళున్న బాత్రూమ్, తండ్రి, అన్నదమ్ములు కూడా ఇంట్లో దాన్ని మామూలుగా మాట్లాడే తీరు, ఇవన్నీ కలిస్తేనే పని పూర్తవుతుంది. బహ్రెయిన్ ఉక్కలో చెమటకు ఒరుసుకుపోయి పుండ్లు పడే పిల్లకు ప్యాడ్లు కొనివ్వడానికి తండ్రి సిగ్గుపడాల్సిందేమీ లేదు.

గల్ఫ్‌లో పనిచేస్తూ ఊళ్ళో కూతురిని అమ్మమ్మ దగ్గర వదిలిన అమ్మలకు ఒక మాట. అంత దూరం నుంచి మొగ్గ మీ కంట పడదు కాబట్టి, మీ పిల్లకు 9 ఏళ్ళు వచ్చాక ఒకసారి, స్పీకర్ ఆపి, పక్కన ఎవరూ లేనప్పుడు ఫోన్ చేసి చెప్పండి. మొగ్గ వస్తుంది, తెల్లగా కనిపిస్తుంది, తర్వాత ఒకరోజు రక్తం వస్తుంది, భయపడకు, నాకు వచ్చింది, అందరికీ వస్తుంది అని. ఐదు నిమిషాలు చాలు. ఇక పిల్లలను వెంట ఉంచుకుని బహ్రెయిన్ బడుల్లో చదివిస్తున్న తల్లిదండ్రులు, ఈసారి పేరెంట్స్ మీటింగులో మార్కుల సంగతి అయ్యాక ఇంకొకటి అడగండి: 4, 5 తరగతుల ఆడపిల్లలకు ఈ విషయం ఎవరు చెబుతున్నారు, ఎప్పుడు చెబుతున్నారు? మగపిల్లలకు ఏం చెబుతున్నారు? సరైన జవాబు రాకపోతే ఈ విద్యాసంవత్సరంలోనే మొదలుపెట్టమని రాతపూర్వకంగా కోరండి. పది మంది తల్లిదండ్రులు సంతకాలు పెట్టి ఇచ్చిన కాగితాన్ని ఏ బడీ తీసి పక్కన పెట్టలేదు.